ఓడినవారు సంతకం చేయవలసిన చోటు

మా జిల్లా క్రీడల కార్యాలయంలో విజయపీఠాన్ని రంపంతో కోయించిన సంగతి ఏ పత్రికలోనూ రాలేదు. కోయమన్న ఉత్తర్వు మీద పొట్టి సంతకం నాదే కనుక, ఎందుకు కోయవలసి వచ్చిందో చెప్పే బాధ్యత కూడా నాదే అనుకుంటున్నాను. నా పేరు సదానందం. నల్లగుట్టపేటలో సీనియర్ అసిస్టెంటుగా ఇరవయ్యారేళ్ళ సర్వీసు ఉంది. జన్మలో ఒక్కసారి కూడా పరుగెత్తిన పాపాన పోలేదు గానీ, జిల్లాలో పరుగెత్తిన వాళ్ళందరికీ సర్టిఫికెట్లు రాసింది ఈ చెయ్యే.

ఆ ఏడు దేశమంతటికీ ఎన్నికలు జరిగాయి. ఓట్లు లెక్కపెట్టారు. సాయంత్రం ఆరింటికి ఒక పక్షం నాయకుడు మెడనిండా దండలతో బయటికొచ్చి ప్రజలకు కృతజ్ఞతలు చెప్పాడు. ఆరుంబావుకు మరో పక్షం నాయకుడు సరిగ్గా అంతే బరువున్న దండలతో బయటికొచ్చి అవే కృతజ్ఞతలు చెప్పాడు. మళ్ళీ లెక్కపెట్టారు. ఇద్దరూ మళ్ళీ కృతజ్ఞతలు చెప్పారు. తర్వాత వివాదం పెద్దల ముందుకు వెళ్ళింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఈ పేరాలో ఒక పక్షాన్ని ముందు చెప్పాను కాబట్టి, నియమావళిలోని నాలుగో క్లాజు ప్రకారం ఇంకోసారి ప్రస్తావన వచ్చినప్పుడు మరో పక్షాన్ని ముందు చెబుతాను.

ఆ నియమావళి సంగతికే వస్తున్నాను. దాని పూర్తి పేరు జాతీయ ఐక్యత మరియు సంస్థల గౌరవ పరిరక్షణ నియమావళి. మంగళవారం పదకొండు గంటలకు మా ఆఫీసుకు చేరింది. ముప్ఫై రెండు పేజీలున్నా అసలు విషయం రెండో క్లాజులోనే ఉంది. "వివాదము పరిష్కారమగు పర్యంతము ఏ ప్రభుత్వ సంస్థయూ, ఏ సందర్భమునందునూ, ఏ వ్యక్తినీ గెలిచినట్లుగా గానీ ఓడినట్లుగా గానీ ప్రకటించరాదు. అట్లు ప్రకటించుట వలన ప్రజలలో గెలుపు ఓటములపై అనవసరమగు ఆసక్తి పెంపొంది, సంస్థల తటస్థత పట్ల గౌరవము సన్నగిల్లు ప్రమాదము కలదు."

చదివి ఇన్‌వార్డు రిజిస్టరులో ఎక్కించాను. ఇందులో మాకు సంబంధించింది ఏముందిలే అనుకున్నాను. అప్పుడే మా జిల్లా క్రీడాధికారి ప్రభంజన్ రావు గారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. కాలేజీ మైదానంలో జిల్లా స్థాయి పోటీలు జరుగుతున్నాయి. పది గంటల నలభై నిమిషాలకు మహిళల పదిహేను వందల మీటర్ల పరుగు ముగిసింది. గుంటి సమ్మక్క అనే అమ్మాయి టేపు దగ్గరికి చేరింది. మిగతా పదకొండు మంది కూడా చేరారు, కాకపోతే తర్వాత చేరారు. ఇంతకన్నా స్పష్టంగా చెప్పడానికి ప్రస్తుతానికి నాకు అధికారం లేదు.

ఆయన నియమావళి చదివారు. రెండో క్లాజు దగ్గర ఆగి, మళ్ళీ చదివి, మా డ్రిల్ మాస్టరు లింగమూర్తిని పిలిపించారు. పోటీల్లో గడియారం పట్టుకునేదీ, మైకులో చెప్పేదీ లింగమూర్తే.

"మైకుల ఏమన్నవయ్యా?"

"ఫస్టు గుంటి సమ్మక్క అన్న సార్."

"ఎందుకన్నవ్?"

"ఫస్టొచ్చింది సార్."

"అది నీ వ్యక్తిగత అభిప్రాయం."

"పదకొండు వందల మంది సూసిన్రు సార్."

"అయితే పదకొండు వందల వ్యక్తిగత అభిప్రాయాలు," అన్నారు ప్రభంజన్ రావు గారు. "సంస్థకు అభిప్రాయం ఉండదు. సదానందం, మెమో కొట్టు."

ఉత్తర్వు మాకు చేరేసరికే పరుగు అయిపోయింది కదా అని నేను మనవి చేశాను. కానీ ఉత్తర్వు మీద ముందురోజు తేదీ ఉంది. కాబట్టి పరుగు జరిగే సమయానికి అది అమల్లోనే ఉన్నట్టు, మాకు తెలియకపోవడం మా లోపమే అయినట్టు తేలింది. మధ్యాహ్నం లింగమూర్తి మళ్ళీ మైకు పట్టుకుని, ఉదయం చేసిన ప్రకటనలో ఫస్టు అన్న మాటను ఎవరూ వినలేదని భావించవలసిందిగా ప్రేక్షకులను కోరాడు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రమే విజయపీఠం మీద చర్చ వచ్చింది. టేకుతో చేసిన మూడు మెట్ల పీఠం అది. మధ్య మెట్టు ఎత్తుగా, పక్కవి రెండూ తగ్గుగా ఉంటాయి. అసలది ఆ రూపంలో ఉండటమే రెండో క్లాజుకు వ్యతిరేకమని సారు అభిప్రాయం, క్షమించాలి, సారు నిర్ధారణ. వడ్రంగి కనకాచారి వచ్చి, ఏ ఎత్తుకు కోయమంటారని అడిగాడు. అన్నిటికన్నా తక్కువ మెట్టుకు సమం చేయించాం. మెట్ల మీది అంకెలు చెక్కి తీసేయించాం. పని అయ్యేసరికి అది మామూలు బెంచీలా కనబడింది. అప్పటినుంచి ఆఫీసుకు వచ్చినవాళ్ళు దాని మీదే కూర్చుంటున్నారు.

బుధవారం పురుషుల కబడ్డీ జరిగింది. ఇరు జట్లకూ నియమావళి ముందే చదివి వినిపించాం. స్కోరు సమానంగా ఉండేలా చూసుకోవలసిన బాధ్యత ఆటగాళ్ళదేనని కాగితం మీద సంతకాలు కూడా తీసుకున్నాం. మొదటి అరగంట బాగానే నడిచింది, అటొకడు అవుటయితే ఇటొకడు అవుటయ్యాడు. తర్వాత భయం పట్టుకుంది. కూతకు వెళ్ళినవాడు గీత దాటి, ఎవరినీ తాకకుండా, అవతలివాళ్ళ యోగక్షేమాలు కూతలోనే అడిగి వెనక్కి వచ్చాడు. పట్టేవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకున్నారు. మూడు గంటల పాటు అలా సాగిన ఆటను, ఇది ఇంతకుముందెన్నడూ చూడని క్రీడాస్ఫూర్తి అని ప్రభంజన్ రావు గారు మెచ్చుకున్నారు. అప్పటికి చూసేవాళ్ళలో ఆయనా నేనూ తప్ప ఎవరూ మిగల్లేదు.

మిగతా శాఖలూ తక్కువ తినలేదు. పక్క బడిలో యూనిట్ టెస్టు పేపర్లు మార్కులు లేకుండా, "చదివితిమి" అన్న ముద్రతో తిరిగొచ్చాయి. ఉద్యోగుల క్లబ్బులో క్యారమ్ ఆడి, ఎర్ర కాయిన్ ఎవరి ఖాతాలోనూ వేయకుండా దాన్ని చెరో వారం ఇంట్లో ఉంచుకోవాలని తీర్మానించారు. అదే బుధవారం సాయంత్రం గుంటి సమ్మక్క మా ఆఫీసుకు వచ్చింది.

వచ్చి బెంచీ మీద కూర్చోకుండా నా టేబుల్ ముందు నిలబడింది. పొట్టి మనిషి. చెవుల మీద, కనుబొమల మీద తెల్లగా పత్తి దూది ఉంది. జిన్నింగు మిల్లులో షిఫ్టు దిగి నేరుగా వచ్చిందట.

"సార్, పరుగు సర్టిఫికెట్ కావాలె."

"పాల్గొన్నట్టు ఇస్తామమ్మా."

"పాల్గొన్నది కాదు సార్. ఎన్నో ప్లేసో ఉండాలె. వ్యాయామ కాలేజీల స్పోర్ట్స్ సీటు ఒక్కటే ఉన్నది. జిల్లాల ఫస్టొచ్చినోళ్ళకే ఇస్తరు. శనివారం ఐదింటికి కౌంటర్ బంద్."

"వచ్చే ఏడు చూడకూడదా?"

"వచ్చే నెలకు నాకు వయసు దాటిపోతది సార్." అది చెప్పేటప్పుడు ఆ అమ్మాయి గొంతులో ఏ మార్పూ లేదు, ఎప్పటినుంచో తెలిసిన సంగతి చెప్పినట్టే చెప్పింది. "ఈసారి సీటొస్తే డ్రిల్ టీచర్నయిత. రాకుంటే మిల్లే. మూడేండ్ల సంది పొద్దుగాల ఉరికి, అట్నుంచే షిఫ్టుకు పోతున్న."

ఎన్నో సర్టిఫికెట్లు రాసిన నాకు ఇదొక్కటి రాయడం రాదన్న మాట మనసులో గుచ్చుకుంది. కానీ గుచ్చుకున్నంత మాత్రాన రూలు మారదు కదా. శనివారం లోపల చేద్దాంలే అన్నాను. గుమాస్తా నోట అంతకన్నా బలహీనమైన మాట ఇంకొకటి లేదు.

ఆ సాయంత్రం కూర్చుని ముసాయిదాలు రాశాను. మొదటిది: "కుమారి గుంటి సమ్మక్క టేపును చేరిన సమయమున టేపు వద్ద ఇతర పోటీదారులెవ్వరూ లేరు." ప్రభంజన్ రావు గారు చదివి, ఇది చదివితే ఇతరులు వెనకున్నట్టు ధ్వనిస్తోందన్నారు. రెండోది: "పన్నెండు మందియూ టేపును చేరిరి, అయితే ఏకకాలమున కాదు." ఇది చదివితే ఎవరు ముందన్న ఆసక్తి పెంపొందుతుందన్నారు. మూడోది పన్నెండు మందికీ విడివిడిగా, ఎవరెవరు ఎన్ని నిమిషాల్లో చేరారో మాత్రమే రాశాను, పోలిక లేకుండా. ఆయన ఆ కాగితాలన్నీ టేబుల్ మీద పక్కపక్కన పరిచి చూశారు.

"ఈ పన్నెండు కాగితాలు ఒక్క మనిషి చేతుల పడితే?"

"పోల్చుకునే ప్రమాదం ఉంది సార్."

"అందుకే. పైకి రాద్దాం."

పైకి రాశాం. పైనుంచి కాగితం రాలేదు, మనిషి వచ్చాడు. గురువారం మధ్యాహ్నం తెల్ల కారు దిగిన ఆయన పేరు చిదానందమూర్తి. హోదా ఐక్యతా పరిశీలకులు. రాజధానిలో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్నారట. నుదుటి మీద చెమట కూడా అనుమతి తీసుకుని పట్టినట్టు ఒక్క చుక్కే ఉంది.

"ఇది కేవలం పరుగు పందెమని భ్రమించకండి సదానందం గారూ," అన్నారు ఫైలు తిరగేస్తూ. "ఇది పూర్వదృష్టాంతం. నేడు నల్లగుట్టపేటలో ఒక యువతి గెలిచిందని ఒక సంస్థ అంగీకరించినదనుకోండి. రేపు ప్రజలు ఏమంటారు? సంస్థలకు గెలిచినవారెవరో చెప్పే శక్తి ఉన్నదన్నమాట, అంటారు. అప్పుడు మనలను ఎక్కడెక్కడ చెప్పమని అడుగుతారో ఊహించారా?"

ఊహించలేదని ఒప్పుకున్నాను. ఊహించగానే నాకూ ఒళ్ళు జలదరించింది.

"దీనికి పరిష్కారం ఐక్యతలోనే ఉంది," అని ఆయన శుక్రవారం ఉదయం ఐక్యతా పరుగు నిర్వహించమన్నారు. పన్నెండు మందీ ఒకే తాడు పట్టుకుని పరుగెత్తి, ఒకేసారి టేపు దాటాలి. అప్పుడు అందరికీ ఒకే సర్టిఫికెట్ ఇవ్వవచ్చు, అందులో "మొదటి వరుసలో" అని నిర్భయంగా రాయవచ్చు. వరుస ఒక్కటే ఉంటుంది కాబట్టి ఆ మాట అబద్ధం కాదు. విన్నాక ఆయన ఊరికే పరిశీలకులు కాలేదని నాకు అర్థమైంది.

శుక్రవారం కొబ్బరి తాడుతో మొదలుపెట్టాం. రెండు వందల మీటర్లు పోకముందే తాడు మధ్యలో ముందుకు వంగి విల్లులాగా అయింది. విల్లు కొసన సమ్మక్క ఉంది. ఆమె పక్కన జాటోత్ పార్వతి. తండా నుంచి వచ్చే పొడుగాటి అమ్మాయి, మంగళవారం పరుగులో సమ్మక్క తర్వాత టేపు చేరిన మొదటి మనిషి. పరిశీలకులు ఈల వేసి ఆపించారు.

"తాడు వంగినది."

"సమ్మక్క లాగుతున్నది సార్," అన్నాడు లింగమూర్తి.

"నేను లాగుతలేను. మెల్లగనే ఉరుకుతున్న," అంది సమ్మక్క.

తాడు వంగుతుంది కాబట్టి వంగనిది తెమ్మన్నారు. షామియానాకు పాతిన వాటిలో పొడవాటి వెదురుబొంగు ఒకటి పీకించి తెచ్చాం. పన్నెండు మంది దాన్ని ఛాతీకి ఆనించి పట్టుకున్నారు. సూటిగా ఉన్నంతసేపూ చూడముచ్చటగా సాగింది, పరిశీలకుల కళ్ళు చెమర్చాయి కూడా. ఐక్యత అంటే ఏమిటో చూడండి సదానందం గారూ అన్నారు. ఆ తర్వాత మైదానం మలుపు వచ్చింది.

మలుపులో లోపలి కొసన ఉన్నవాళ్ళు నాలుగు అడుగులు వేసేలోగా బయటి కొసన ఉన్నవాళ్ళు ఇరవై అడుగులు వేయాలి. ఈ సంగతి నియమావళిలో ఎక్కడా లేదు. బయటి కొసన ఉన్న అమ్మాయిలు ప్రాణం పెట్టి పరుగెత్తారు, బొంగు తలుపు తెరుచుకున్నట్టు గిర్రున తిరిగింది. ముందు మంచినీళ్ళ కుండ పోయింది, తర్వాత మా కుర్చీలు, ఆ తర్వాత ఒక బొంగు ముందే పీకేసిన షామియానా పోయింది. ప్రభంజన్ రావు గారు పక్కకు దూకారు. పరిశీలకులు దూకడానికి ఏ నిబంధన కింద వీలుందో ఆలోచించేలోపే షామియానా వారి మీద కప్పుకుంది. బయటికి తీసేసరికి కుడి మోకాలు గీరుకుపోయి ఉంది.

"ఎవరు ముందు దాటారు?" అన్నది ఆయన మొదటి మాట.

"ఎవ్వరు దాటలే సార్," అన్నాడు లింగమూర్తి.

"శుభం," అన్నారు ఆయన.

శనివారం వచ్చింది. మధ్యాహ్నం మూడయినా ఏమీ తేలలేదు. సమ్మక్క పొద్దుటి షిఫ్టు మానుకుని తొమ్మిదింటి నుంచీ ఆ బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన పార్వతి. ఐక్యత పట్ల తమకు ఏ అభ్యంతరమూ లేదని పన్నెండు మందీ వాంగ్మూలం ఇవ్వాలని పరిశీలకులు పిలిపించారు. పది మంది సంతకం పెట్టి వెళ్ళిపోయారు. పార్వతికి తండా బస్సు నాలుగున్నరకు గానీ లేదు. ఇద్దరూ ఒక పొట్లంలో పల్లీలు తింటున్నారు. గడియారం వైపు సమ్మక్క చూడటం లేదు, నేనే చూస్తున్నాను. ఇరవయ్యారేళ్ళలో ఆ ఆఫీసులో కూర్చోవడానికి నాకు సిగ్గేసింది ఆ రోజే.

లోపలి గదిలో పరిశీలకులు కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని తీర్పు చెబుతున్నారు.

"ఈ పరుగు వివాదాస్పదం. వివాదాస్పదమైన విషయంలో సంస్థ మౌనం వహించుటయే సంస్థకు గౌరవం. దరఖాస్తు మూసివేయవచ్చును."

"చిత్తం," అన్నారు ప్రభంజన్ రావు గారు.

నేను ఎన్నడూ లేనిది నోరు తెరిచాను. "సార్, ఏడో క్లాజులో వివాదానికి నిర్వచనం ఉంది. ఒకటి కన్నా ఎక్కువ మంది తామే గెలిచామని చెప్పుకుంటే వివాదం అని. ఇక్కడ అలా చెప్పుకున్నవాళ్ళు ఎవరూ లేరు సార్."

"చెప్పుకోలేదని ఎలా అంటారు? ఇతరులను విచారించారా?"

విచారించలేదు. ముప్ఫై రెండు పేజీల్లో ఆ పని చేయమని ఎక్కడా లేదు. తలుపు సగం తెరిచే ఉంది కాబట్టి బయటివాళ్ళు అంతా విన్నారు. పార్వతి పల్లీ పొట్టు దులుపుకుని లోపలికి వచ్చింది.

"సార్, ఎవరికి వివాదం?"

"నీవెవరమ్మా?"

"జాటోత్ పార్వతి. నేను సెకండొచ్చిన."

ఆ మాటకు ప్రభంజన్ రావు గారు చెవులు మూసుకోబోయి ఆగారు. పరిశీలకులు కళ్ళజోడు సర్దుకున్నారు. "అనగా, నీవు మొదట రాలేదని నీవే చెబుతున్నావా?"

"రాలే సార్. ఓడిపోయిన. కాగితం ఇస్తే రాసిస్త."

పరిశీలకులు నావైపు, నేను ప్రభంజన్ రావు గారి వైపు చూశాం. ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తున్నారు.

"నిన్ను ఎవరైనా ఒత్తిడి చేశారా?"

"లే."

"మరి ఒకసారి సమయాలు లెక్కింపమని కోరే హక్కు నీకు ఉన్నదని తెలుసా?"

"లెక్కెందుకు సార్? అందరికంటె మంచిగ చూసింది నేనే కద. నాలుగు రౌండ్లు నాకు ఆమె మడమలే కనబడ్డయి."

తెల్ల కాగితం ఇచ్చాను. నా టేబుల్ మీదే వంగి, నా పెన్నుతోనే రాసింది. ఆ కాగితం అసలు ప్రతి ఇప్పటికీ నా టేబుల్ అద్దం కింద ఉంది, కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పగలను. "మంగళవారం పదిహేను వందల మీటర్లల్ల గుంటి సమ్మక్క నాకంటె జోరుగ ఉరికింది. నేను గూడ మంచిగనే ఉరికిన. కాని ఓడిపోయిన. వచ్చే ఏడు నేను గెలుస్త. జాటోత్ పార్వతి." సంతకం పెట్టి, పెన్నుకు మూత పెట్టి ఇచ్చి, పోయి మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. సమ్మక్క పల్లీల పొట్లం జరిపింది.

పరిశీలకులు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని మూడుసార్లు చదివారు.

"ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇటువంటి కాగితం నా వద్దకు రాలేదు," అన్నారు చివరికి, మామూలు గొంతుతో. "దీన్ని ఏమంటారు?"

ఇన్‌వార్డు రిజిస్టరు తీశాను. అందులో గడులు ఉన్నాయి: అర్జీలు, అభ్యంతరాలు, ఫిర్యాదులు, అప్పీళ్ళు, రిమైండర్లు. ఒకరు తనంతట తాను ఓడిపోయానని రాసిస్తే ఎక్కించే గడి లేదు. దేనికింద ఎక్కించాలని ప్రభంజన్ రావు గారు అడిగారు. స్కేలు పెట్టి కొత్త గీత గీశాను. గడి పైన ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలి, కింద క్రమసంఖ్య ఒకటి వేశాను.

అప్పటికి నాలుగుంబావు. పరిశీలకులు రెండో క్లాజు మళ్ళీ చదివారు, ఈసారి వేలు పెట్టి. "ఏ ప్రభుత్వ సంస్థయూ ప్రకటించరాదు," అని పైకి అన్నారు. "సంస్థ ప్రకటించరాదు. ఓడినవారు సంస్థ కాదు. ఓడినవారు ప్రకటించవచ్చు. సదానందం గారూ, రాయండి."

రాశాను. "జతపరచిన జాటోత్ పార్వతి గారి వాంగ్మూలము ప్రకారము, మహిళల పదిహేను వందల మీటర్ల పరుగులో గుంటి సమ్మక్క ప్రథమ స్థానము పొందినది." ప్రభంజన్ రావు గారు సంతకం చేసి, ముద్ర వేసి, ముద్ర ఆరేదాకా నోటితో ఊదారు కూడా.

నాలుగుంబావు దాటి పది నిమిషాలయింది. కాలేజీ ఊరి అవతలి కొసన ఉంది. లింగమూర్తి మోటారు సైకిలు తీశాడు, సమ్మక్కా పార్వతీ వెనక ఎక్కారు. బస్సు దొరకదేమో గదా అని నేనంటే, దొరకకుంటే దొరకకపాయె, సీటొచ్చిందో లేదో చూడద్దా అంది పార్వతి. ఆ తర్వాత జరిగింది లింగమూర్తి చెప్పగా విన్నాను.

గడియారం స్తంభం దగ్గర మరో పక్షంవారి విజయోత్సవ ఊరేగింపు తూర్పు నుంచి వస్తోంది, ఒక పక్షంవారి విజయోత్సవ ఊరేగింపు పడమటి నుంచి వస్తోంది. రెండూ ఎదురెదురుగా నిలిచిపోయాయి. అటూ ఇటూ డప్పులు, దండలు, రంగులు. మేమే గెలిచామని అటూ ఇటూ అరుస్తున్నారు, దారి వదిలితే ఓడినట్టవుతుందని ఎవరూ కదలడం లేదు. మోటారు సైకిలు ఇరుక్కుపోయింది. పావుతక్కువ ఐదు. సమ్మక్క దిగి చెప్పులు లింగమూర్తి చేతికిచ్చి, సర్టిఫికెట్ పళ్ళ మధ్య పట్టుకుంది.

"రెండు ఊరేగింపుల నడుమ సందున వడి ఉరికిన్రు సార్," అన్నాడు లింగమూర్తి. "ముందు సమ్మక్క, ఎనుక పార్వతి. మళ్ళ గదే వరస."

ఆ వేగం చూసి ఒక పక్షంవాళ్ళు తమ మనిషే అనుకుని ఆమె మెడలో దండ వేశారు. మరో పక్షంవాళ్ళు తమ మనిషే అనుకుని గులాలు చల్లారు. ఐదుకు మూడు నిమిషాలుండగా కౌంటరు దగ్గరికి చేరేసరికి సమ్మక్క నిలువెల్లా గులాబీ రంగులో, దండతో ఉంది. కౌంటరులో ఉన్నాయన తలెత్తి, మీది ఏ పార్టీ అమ్మా అని అడిగాడట.

"పదిహేను వందల మీటర్లు సార్," అని సర్టిఫికెట్ ముందు పెట్టింది.

సీటు వచ్చింది. నియమావళి ఇంకా అమల్లోనే ఉంది, అయినా ఈ ఒక్కచోట దాన్ని అతిక్రమిస్తున్నాను. సమ్మక్క గెలిచింది. మెమో ఎవరైనా ఇవ్వదలచుకుంటే నా చిరునామా అందరికీ తెలిసిందే.

పరిశీలకులు పార్వతి కాగితం నకలు రాజధానికి తీసుకువెళ్ళారు. నెల తిరిగేసరికి అక్కడ దాన్ని పరిశీలించారని, ఎంతో ఉపయోగకరమైన నమూనాగా గుర్తించారని మాకు లేఖ వచ్చింది. పార్వతి వాక్యాలే తీసుకుని, జోరుగ ఉరికింది అన్నచోట గీత ఖాళీ వదిలి, చివర "ఓడినవారు సంతకం చేయవలసిన చోటు" అని ఒక గడి పెట్టి ఫారం అచ్చు వేయించారు. కావలసింది ఒక్కటే అయినా, అచ్చాఫీసు పదివేలకు తక్కువ వేయదు కాబట్టి పదివేలు వేయించారు. రెండు ఫారాల మీద పేర్లు అందంగా టైపు చేయించి, ఒకటి మరో పక్షం నాయకునికీ, ఒకటి ఒక పక్షం నాయకునికీ రిజిస్టరు పోస్టులో పంపారు. ఎవరు నింపినా సరిపోతుందని జతలేఖలో మర్యాదగా రాశారు.

వారం తిరక్కుండా రెండూ వెనక్కి వచ్చాయి. రెండింటి మీదా ఒకటే మాట ఎర్ర సిరాతో రాసి ఉంది: "పొరపాటున మా చిరునామాకు వచ్చినది. అవతలివారికి పంపగలరు." ఐక్యత కోసం అంత కష్టపడినవాళ్ళకు దొరికిన ఐక్యత అదొక్కటే.

ఫారం మా జిల్లాలో పుట్టింది కాబట్టి కట్టలన్నీ, వెనక్కి వచ్చిన ఆ రెండింటితో సహా, మా ఆఫీసుకే పంపించేశారు. మంచిదే అయింది. ఇప్పుడు ఎక్కడ పోటీ జరిగినా, ఓడిన పిల్లలు వచ్చి ఆ బెంచీ మీద కూర్చుని ఫారం నింపి, పెన్ను తిరిగిచ్చి, నీళ్ళు తాగి పోతున్నారు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా పట్టదు. కబడ్డీ వాళ్ళు జట్టంతా కలిసి ఒకే ఫారం మీద సంతకాలు పెడతామంటే ఒప్పుకున్నాను. పార్వతి మొన్న వచ్చినప్పుడు, ఈ ఏడు తనకు అది అవసరం పడదని చెప్పి పోయింది.

పదివేలలో ఇంకా చాలా మిగిలాయి గానీ, ఏదో ఒకనాటికి చెల్లిపోతాయి. ఆ రెండు మాత్రం ఎవరికీ పనికిరావు, పేర్లు టైపు చేసి ఉన్నాయి కదా. బీరువాలో విడిగా పెట్టి, ప్రతి శనివారం దుమ్ము దులుపుతున్నాను. వాళ్ళలో ఎవరైనా వస్తే కూర్చోవడానికి బెంచీ ఉంది, పెన్ను నేనే ఇస్తాను.